వైణికురాలికి బొమ్మ వీణ

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానును తొలిచి వీణలు చేసే కుటుంబాలున్నాయి. కచేరీకి పనికొచ్చే వీణలతోపాటు వాళ్లు చిన్న చిన్న బొమ్మ వీణలు కూడా చేస్తారు. సభల్లో ముఖ్య అతిథికి ఇవ్వడానికీ, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికీ అవి ముచ్చటగా ఉంటాయి. మంత్రికో కలెక్టరుకో ఇస్తే ఊరి పేరు నలుగురికీ తెలుస్తుంది, చేసినవాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ బొమ్మనే పట్టుకెళ్లి రోజూ వీణ సాధన చేసే మనిషికి ఇచ్చినప్పుడే చిక్కు. ఆమె ఇంట్లో అసలు వీణే ఉంది. దాని 24 మెట్లను పట్టి ఉంచే మైనం ఏళ్లు గడిచి పెళుసెక్కింది. రెండు మెట్ల దగ్గర స్వరం తేడాగా పలుకుతోంది. సారణి తీగ మార్చాల్సి ఉంది. మెట్లు ఊడదీసి మళ్లీ మైనంలో కూర్చే పనివాడు ఊళ్లో లేడు. అతన్ని ఇంటికి రప్పించి ఆ ఖర్చు భరించేవారుంటే ఆమెకు అంతకన్నా కానుక లేదు. అందింది మాత్రం టీవీ పక్కన పెట్టుకునే బొమ్మ.

ఏదో ఒక వ్యాపకాన్ని ప్రాణంగా పట్టుకున్నవాళ్లకు మనమిచ్చే కానుకల్లో చాలా భాగం ఈ కోవలోవే. ఫొటోలు తీసేవాడికి లెన్సు ఆకారంలో కాఫీ కప్పు, చదరంగం ఆడే పిల్లకు పాలరాతి బల్ల, పుస్తకాల పిచ్చి ఉన్న పెద్దాయనకు ‘నాకు పుస్తకాలంటే ఇష్టం’ అని అచ్చువేసిన గుడ్డసంచి. ఇవన్నీ ఆ వ్యాపకం గురించి ఇచ్చినవే గాని, ఆ వ్యాపకంలోకి వెళ్లేవి కావు. ‘నీకిది ఇష్టమని నాకు తెలుసు’ అని చెప్పి ఊరుకుంటాయి. ఆ సంగతి పుచ్చుకునేవాళ్లకూ తెలుసు.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అని మనవాళ్లు ఏనాడో ఒప్పుకున్నారు. ఆ పిచ్చికి తగిన కానుక ఎంచడం మాత్రం మనకు అలవాటు లేని పని. మన ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఎదుటి మనిషిని చదవాల్సిన అవసరం లేకుండా అమర్చుకున్నవి. పెళ్లికి వెళితే చదివింపులు: నూట పదహార్లు, ఐదు వందల పదహార్లు, వెయ్యి నూట పదహార్లు. గృహప్రవేశానికి బట్టలు. శ్రావణమాసంలో వాయనాలు. ఆడపిల్లను అత్తారింటికి పంపితే సారె. ఎవరికి ఏది, ఎంతలో అన్నది వరసే చెప్పేస్తుంది. పెళ్లిపందిట్లో ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుని ఎవరెంత చదివించారో రాస్తారు. ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది, అవతలివాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు బయటికి వస్తుంది. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద అచ్చువేసిన ప్రసిద్ధ అధ్యయనంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతల గురించి పసిఫిక్ దీవుల నుంచీ అమెరికా ఆదివాసుల నుంచీ ఉదాహరణలు పోగుచేశాడు. చదివింపుల పుస్తకం ఉన్న ఇంట్లో ఆ సిద్ధాంతాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతిని చిన్నచూపు చూడనక్కర్లేదు. నూట పదహార్లు తీసుకుని ‘నన్ను అర్థం చేసుకోలేదు’ అని ఎవరూ నొచ్చుకోరు. అభిరుచిని బట్టి ఇవ్వాలనుకున్న క్షణంలో ఆ రక్షణ పోతుంది. అవతలి మనిషిని మీరెంత గమనించారో, ఎంత గమనించలేదో కానుకే బయటపెట్టేస్తుంది. సభల్లో శాలువా, పూలగుచ్ఛం, మెమెంటో పద్ధతి ఇంత గట్టిగా నిలబడడానికి ఇదే కారణమనుకుంటాను. ఎవరికిచ్చినా ఒకటే కాబట్టి ఎవరినీ గమనించాల్సిన పని లేదు. పేరున్న విద్వాంసుల ఇళ్లలో శాలువాలకు విడిగా ఒక బీరువా ఉంటుంది.

కెనడాలో పనిచేసిన సమాజశాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982 నుంచి వ్యాపకాల మీద రాస్తూ, తీరిక వేళ కాలక్షేపానికీ, ఏళ్ల తరబడి కష్టపడి విద్యలా నేర్చుకునే వ్యాపకానికీ తేడా చూపించాడు. రెండో రకం మనిషికి అది కాలక్షేపం కాదు, తానెవరో చెప్పుకునే గుర్తింపు. దానికొక పరిభాష, పద్ధతులు, పట్టింపులు ఉంటాయి. కానుక ఎంచడంలో అసలు పీటముడి ఇక్కడే ఉంది. అభిరుచి ఎంత ముదిరితే బయటివారి కానుకకు చోటు అంత తగ్గుతుంది. నిన్న మొదలుపెట్టినవాడికి ఏదిచ్చినా పనికొస్తుంది. పదేళ్లుగా చేస్తున్నవాడికి ఏది కావాలో అణాపైసలతో సహా తెలుసు. ఇచ్చేవాడికి తెలిసింది అందులో వందో వంతు. అయినా మనం పెద్ద కానుక ఇచ్చేది ఈ రెండో మనిషికే, అదీ అతని వ్యాపకం నడిబొడ్డునే. కెమెరా మనిషికి లెన్సు, కలాల మనిషికి కలం, సైకిలు మనిషికి సైకిలు.

ఇలా గురి తప్పే కానుకల నష్టాన్ని లెక్కగట్టినవాళ్లున్నారు. అమెరికన్ ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులను, మీకొచ్చిన క్రిస్మస్ కానుకలకు మీరైతే ఎంత పెట్టేవారు అని అడిగాడు. ఇచ్చినవారు పెట్టిన ధరతో పోల్చితే పదో వంతు నుంచి మూడో వంతు దాకా విలువ ఆవిరైపోయిందని తేల్చాడు. స్నేహితులు ఇచ్చినవాటిలో నష్టం తక్కువ, తాతామామ్మలు, బాబాయిలు, పిన్నులు ఇచ్చినవాటిలో ఎక్కువ. ప్రేమలో తేడా వల్ల కాదు, రోజూ చూస్తున్నారా లేదా అన్న తేడా వల్ల. ఆ తర్వాత 1996లో సోల్నిక్, హెమెన్‌వే అనే ఇద్దరు దీన్ని సవాలు చేశారు. వారడిగినవాళ్లు కానుకలకు ధర కన్నా ఎక్కువే విలువ కట్టారు. ఎవరు రైటన్న తగువు తేలలేదు. నాకు మాత్రం రెండూ నిజమే అనిపిస్తుంది. కానుకలో వస్తువు ఒకటి, ఇచ్చిన మనిషి ఒకటి. మొదటి లెక్క వస్తువుది, రెండో లెక్కలో మనిషి కూడా చేరాడు.

మనస్తత్వశాస్త్రం వాళ్లు ఇంకొంచెం లోపలికి వెళ్లారు. గాలక్, గివి, విలియమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2016లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి ఒక మాట తేల్చారు. ఇచ్చేవాడి చూపు పొట్లం విప్పే నిమిషం మీద ఉంటుంది, పుచ్చుకునేవాడి చూపు ఆ తర్వాతి సంవత్సరాల మీద ఉంటుంది. అంతకు రెండేళ్ల ముందు బాస్కిన్, అతని సహచరులు చెప్పింది కూడా దీనికి దగ్గరే: ఇచ్చేవాళ్లు వస్తువు గొప్పతనం చూస్తారు, పుచ్చుకునేవాళ్లు వాడుకోవడంలో సౌకర్యం చూస్తారు. నక్షత్రాలంటే ఇష్టపడే పిల్లవాడికి పుట్టినరోజున వచ్చే టెలిస్కోపు ఇందుకు సరైన ఉదాహరణ. అట్టపెట్టె మీద 500 రెట్లు పెద్దగా చూపిస్తుందని ఉంటుంది. ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపుకు మించి పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుందని ఖగోళ ప్రియులకు తెలుసు. 60 మిల్లీమీటర్ల గొట్టానికి 120 రెట్లే హద్దు. దానికితోడు స్టాండు ఊగుతుంది, మిద్దె మీద వీధిదీపాల వెలుతురు. రెండు వారాల్లో అది అటకెక్కుతుంది, దాంతోపాటు ఒక్కోసారి పిల్లవాడి ఆసక్తీ ఎక్కుతుంది. అదే డబ్బులో మంచి బైనాక్యులర్స్ కొనిచ్చి, వికారాబాద్ వైపో అరకు వైపో చీకటి ఆకాశం ఉన్న చోటికి ఒక రాత్రి తీసుకెళితే చంద్రుడి మీది గుంటలు, కృత్తికలు చూసి వస్తాడు.

ఖరీదు సంగతి కూడా తేలింది. ఫ్లిన్, ఆడమ్స్ 2009లో చూపించింది ఏమిటంటే, ఎక్కువ పెడితే ఎక్కువ మెచ్చుకుంటారని ఇచ్చేవాళ్లు నమ్ముతారు, పుచ్చుకున్నవాళ్ల మెప్పుకు ధరతో పెద్దగా పొత్తు లేదు. అభిరుచి ఉన్నవాళ్ల విషయంలో ఇది మరీ నిజం. వాళ్లకు మార్కెట్టు ధరలు తెలుసు. ఆ డబ్బుతో ఏమేం వచ్చి ఉండేవో కూడా తెలుసు. ఆ బాధ ఇంకో రకం.

చదరంగం సంగతి చూడండి. కోనేరు హంపి, హారిక, హరికృష్ణల తరం దాటి హనుమకొండ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటేనాటికి, మన ఊళ్లలో చదరంగం నేర్చుకునే పిల్లలు బాగా పెరిగారు. వాళ్లకు చుట్టాలిచ్చేది చెక్కడపు పని ఉన్న బల్ల, గాజు పావులు, ఏనుగు ఆకారంలో ఏనుగు, గుర్రం మీద సైనికుడు. పోటీలకు వెళ్లే పిల్లలు వాటితో ఆడలేరు. 1849లో ఇంగ్లండులో వచ్చిన స్టాంటన్ నమూనా పావులకే వాళ్ల కళ్లు అలవాటుపడ్డాయి. అంతర్జాతీయ సమాఖ్య రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు ఉండాలంటుంది. చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే రెక్సిన్ బల్ల, ప్లాస్టిక్ స్టాంటన్ పావులు పాలరాతి సెట్టులో పదో వంతు ధరకు వస్తాయి, పదేళ్లు మన్నుతాయి. ఇంకా దగ్గరి చుట్టమైతే ఆ తల్లిదండ్రులకు అసలు భారం ఎక్కడుందో అడగండి. రేటింగ్ టోర్నమెంటు ప్రవేశ రుసుము, పరాయి ఊళ్లో నాలుగు రోజుల బస, రైలు టిక్కెట్లు. ఒక టోర్నమెంటు ఖర్చు పెట్టుకున్న మేనమామను ఆ పిల్ల జీవితమంతా గుర్తుపెట్టుకుంటుంది.

మొక్కల పిచ్చి దగ్గర కాస్త ఆగాలి. తెలుగు నగరాల్లో ఇప్పుడు ఇంతగా పాకిన వ్యాపకం మరొకటి లేదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు మిద్దెతోటను ఊరూరా ప్రచారం చేశాక, డాబా మీద బీరపాదు, సొరపాదు, నాలుగు రకాల ఆకుకూరలు లేని వీధి హైదరాబాదులో అరుదు. వీళ్లకు మనమిచ్చేవి ఏమిటి? పింగాణీ కుండీలో బోన్సాయి, ఏసీ గదిలో పెట్టుకునే విదేశీ మొక్క, చలిదేశాల లావెండర్. మే నెల ఎండకు అవి మాడిపోతాయి. తాను పెంచిన మొక్క చస్తే తోటమనిషి తట్టుకుంటాడు గాని, కానుకగా వచ్చిన మొక్క చస్తే ఇచ్చినవాళ్లకు మొహం ఎలా చూపించాలా అని మథనపడతాడు. కడియపులంక నర్సరీలకు వెళ్లినప్పుడు చేతికందిన మొక్కనల్లా కారులో వేసుకొచ్చి పంచేవాళ్లు ఈ మాట వినాలి. పుచ్చుకునేవాళ్ల మిద్దె మీద ఎండ ఎటు పడుతుంది, బరువు ఎంత ఆగుతుంది, కుండీకి చోటుందా అన్నవి తెలియకుండా మొక్క ఇవ్వడమంటే పని అప్పజెప్పడమే.

మిద్దెతోటలో తరిగిపోయేవి చాలా ఉన్నాయి, ఆనందం వాటిలోనే ఉంది. మంచి వర్మీ కంపోస్టు బస్తా, కొబ్బరి పొట్టు, వేపపిండి, ఎండాకాలానికి షేడ్ నెట్, కొమ్మలు కత్తిరించడానికి పదునైన కత్తెర. వీటిని చూసి పేరంటంలో ఎవరూ అబ్బా అనరు. తోటమనిషి మాత్రం అంటాడు. ఇంతకన్నా గొప్పది నాటు విత్తనం. మీ ఊళ్లో మీ పెద్దమ్మ ఏటా దాచే పొట్లకాయ గింజలు, మెట్టచేల గోంగూర విత్తనం, ఎక్కడా దొరకని గుండ్రటి వంకాయ రకం ఒక కాగితప్పొట్లంలో కట్టి, రకం పేరు, ఊరు పేరు, కోసిన నెల రాసి ఇస్తే అది కొనలేని కానుక. అన్నిటికన్నా పైన ఇంకొకటి ఉంది. మొక్కలున్నవాళ్లు ఎండాకాలంలో ఊరు వెళ్లలేరు. పెళ్లి పిలుపు వచ్చినా, తిరుపతి టిక్కెట్టు దొరికినా నీళ్లు ఎవరు పోస్తారన్న దిగులే. ‘మీరు వెళ్లి రండి వదినా, పది రోజులూ పొద్దున్నే నేనొచ్చి నీళ్లు పోస్తాను’ అన్న పక్కింటి ఇల్లాలి మాటకు సాటి వచ్చే వస్తువు ఏ దుకాణంలోనూ లేదు.

పోగుచేసేవాళ్ల తత్వం వేరు. స్టాంపులు, నాణేలు, అగ్గిపెట్టె లేబుళ్లు, పాత సినిమా పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు పోగుచేసే మనిషికి వస్తువు ఎంత ముఖ్యమో వెతుకులాట అంతకన్నా ముఖ్యం. పదేళ్లుగా వెతుకుతున్నదాన్ని మీరు డబ్బుపెట్టి కొని పళ్లెంలో పెట్టి ఇస్తే సంతోషిస్తాడు, లోపల ఎక్కడో చిన్నబుచ్చుకుంటాడు. అతనికి జాడ ఇవ్వండి. ఫలానా ఊళ్లో ఫలానావారి అటక మీద పాత రికార్డులున్నాయట, ఆదివారం కలిసి వెళదాం రమ్మనండి. మీ ఆఫీసుకు విదేశాల నుంచి ఉత్తరాలు వస్తుంటే కవర్లు చింపకుండా, స్టాంపు ఊడదీయకుండా, ముద్రతో సహా దాచి ఇవ్వండి. స్టాంపు ఒక్కటే కత్తిరించి ఇచ్చేవాళ్లది మంచి మనసే గాని, ముద్ర ఉన్న కవరులో సగం విలువ వాళ్ల కత్తెరకే పోతుంది.

నాణేల దగ్గర మన ఆడవాళ్ల పరిశుభ్రతే ప్రమాదం. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి నానమ్మ పెట్టెలో దొరుకుతుంది. మనవడికి ఇచ్చే ముందు మెరవాలని చింతపండు పెట్టి తోముతారు. వందేళ్లుగా పట్టిన పొర, అక్షరాల అంచులు, వాటితోపాటు సేకర్తల లెక్కలో విలువ పోతాయి. మురికిగానే ఇవ్వండి. దాచుకోవడానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే పీవీసీ అరలున్న ఆల్బం వద్దు. కాలక్రమంలో ఆ ప్లాస్టిక్కే నాణేనికి పచ్చటి జిగురు పట్టిస్తుంది. విడి విడి గట్టి డబ్బీలు మేలు.

స్టాంపులకు తపాలా శాఖ దగ్గరే ఒక చక్కని కానుక ఉంది, చాలామందికి తెలియదు. ఫిలాటెలీ బ్యూరోలో 200 రూపాయలు కట్టి డిపాజిట్ ఖాతా తెరిస్తే, కొత్తగా విడుదలైన స్టాంపులు ఇంటికే వస్తాయి. హైదరాబాద్ అబిడ్స్ జీపీఓలో ఆ బ్యూరో ఉంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల పేరిట తెరిస్తే ఇంకో లాభం కూడా ఉంది. 2017లో మొదలైన దీన్ దయాళ్ స్పర్శ్ పథకం కింద స్టాంపుల వ్యాపకం ఉన్న విద్యార్థులను ఎంపికచేసి ఏడాదికి 6,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తారు. బడిలో ఫిలాటెలీ క్లబ్బు లేకపోతే సొంత ఖాతా ఉన్నా చాలు.

కలాల మనుషులది మళ్లీ ఇంకో లోకం. రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం స్వదేశీ రోజుల్లో మొదలుపెట్టిన కలాల గురించి 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారన్నది ఆ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకునే సంగతి. కాబట్టి ‘రాజమండ్రి కలం’ మంచి కానుకే, కానీ పెట్టెలో పెట్టి ఇస్తే సగమే. సన్న పాళీయా, లావు పాళీయా, ఎడమచేతి వాటమా, కలం ఎంత బరువుండాలి అన్నవి చేతికి సంబంధించిన విషయాలు. చిన్న అక్షరాలతో తెలుగు రాసేవారికి లావు పాళీ ఇస్తే ఒత్తులూ సున్నాలూ కలిసి ముద్దవుతాయి. ఆ మనిషినే దుకాణానికి తీసుకెళ్లి, పాళీ చేతికి నప్పేదాకా కూర్చోబెట్టి, డబ్బు మీరు కట్టండి. అక్కడిదాకా వెళ్లలేకపోతే సిరా చెదరని మంచి కాగితం దస్తాలు ఇవ్వండి. మెరుపు రజను కలిపిన రంగు సిరాలు మాత్రం వద్దు, కలం గొంతులో పేరుకుంటాయి.

చదువరులకు పుస్తకమివ్వడం తేలికని అందరూ అనుకుంటారు. ఆ ధైర్యంతోనే ఒకే పుస్తకం ఒకే ఇంటికి మూడుసార్లు చేరుతుంది. వాళ్ల అలమరా ఫొటో ఒకటి తీసి పెట్టుకోవడం, డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెంటబెట్టుకుని వెళ్లి ఇంత వరకు కొనుక్కోండి అని చెప్పడం, వెన్ను విరిగిన పాత సంపుటాలకు బైండు చేయించి పెట్టడం మేలు. ఈ మూడింటిలో చివరిది నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. పుస్తకాల మనిషికి కొత్త పుస్తకం తెచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, ఉన్నవాటిని చెదల నుంచి కాపాడేవాళ్లు ఉండరు.

కెమెరాల విషయం రెండు ముక్కల్లో. లెన్సు కొనవద్దు. ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ కెమెరాకు సూటిగా ఎక్కదు, ఒకే కంపెనీలో కూడా పాతదానికీ కొత్తదానికీ బిగింపులు మారాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో లెన్సులకు బూజు పడుతుంది గనుక తేమ చేరని పెట్టె ఇస్తే చాలు. పక్షులు చూసేవాళ్లకు 8×42 బైనాక్యులర్స్ తలమానికం, అంతకన్నా ఎక్కువ రెట్లుంటే చెయ్యి వణుకుతో పిట్ట కనబడదు. అది వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది. తెల్లవారుజామున కారులో తీసుకెళ్లేవాళ్లే ఉండరు. నేలపట్టుకో, ఉప్పలపాడుకో, తేలినీలాపురానికో ఒక సీజనులో తీసుకెళ్లండి. వెళ్లాక మాట్లాడకుండా ఉండగలిగితే మరీ మంచిది. చాన్, మోగిల్నర్ 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా వస్తువుల కన్నా అనుభవాల కానుకలు బంధాన్ని ఎక్కువగా గట్టిపరుస్తాయనే అంటుంది.

కొన్ని కానుకలకు చట్టం అడ్డు వస్తుంది. పక్షులంటే ప్రేమ ఉన్నవారికి పంజరంలో రామచిలుకను, జంతువులంటే ఇష్టమున్నవారికి నక్షత్ర తాబేలును ఇవ్వడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, అమెరికాలో ఉన్న సేకర్త తమ్ముడికి పట్టుకెళ్లకూడదు. అటునుంచి వచ్చేవాళ్లూ చూసుకోవాలి. ఫొటోల బావగారికి తెచ్చే డ్రోనును 2022 ఫిబ్రవరి నుంచి దిగుమతి చేయనివ్వడం లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరటి తోట పెంచే తెలుగు ఇల్లాలు గోంగూర, దోస విత్తనాలు తెమ్మని అడుగుతుంది. అనుమతి పత్రాలు లేకుండా అవి అక్కడి తనిఖీ దాటవు. కరివేప మొక్క సంగతి మరీ కష్టం, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుందని అక్కడివాళ్లకు భయం. ఆమెకు కావలసినవి అక్కడి తెలుగువాళ్ల దగ్గరే పెరుగుతుంటాయి, వెతికి పెట్టడమే మీ వంతు.

పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. స్టాన్‌ఫర్డ్‌లో లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధం. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పసిపిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లలే తక్కువ వేస్తున్నారు. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. ‘రోజూ గంట సాధన చేస్తే కొత్త వయొలిన్ కొంటాను’ అనే తండ్రులు దీన్ని పట్టించుకోవాలి. వయొలిన్ కొనండి, బేరం పెట్టకండి.

ఇంకోవైపు, అభిరుచినే పట్టుకుని మనిషిని మరిచిపోయే ప్రమాదం ఉంది. స్టెఫెల్, లెబోఫ్ 2014లో గమనించినట్టు, ఒక్కొక్కరికీ ప్రత్యేకంగా ఉండాలన్న తపనలో ఇచ్చేవాళ్లు అందరికీ నచ్చే వస్తువును పక్కనపెట్టి తక్కువ నచ్చేదాన్ని ఎంచుతారు. వీణ వాయించే ఆమెకు నడుంనొప్పి ఉండొచ్చు. ఏటా పుట్టినరోజుకు సంగీతానికి సంబంధించినదే రావాలని లేదు. మంచి చీర పెట్టినా సంతోషిస్తుంది.

మరి దారేమిటి? నేను చదివినదంతా, చూసినదంతా కలిపి చెబుతున్నాను. ప్రధాన పనిముట్టు జోలికి పోవద్దు, అది వాళ్లే ఎంచుకోవాలి. తరిగిపోయేవి, అరిగిపోయేవి, మరమ్మతు కావలసినవి, తోడు కావలసినవి మీ పాలు. పనిముట్టే ఇవ్వాలనుకుంటే అడిగి ఇవ్వండి. అడిగితే మాధుర్యం పోతుందన్న భయం ఇచ్చేవాళ్లదే. జీనో, ఫ్లిన్ 2011లో చూపించినట్టు, తాము కోరినదే అందుకున్నవాళ్లు దాన్ని ఎక్కువగా మెచ్చుకున్నారు. చెప్పకుండా ఎంచి ఇస్తేనే ఆలోచించి ఇచ్చినట్టని ఇచ్చేవాళ్లే పొరబడ్డారు. అడగడానికి మరీ మొహమాటమైతే అదే వ్యాపకంలో ఉన్న వాళ్ల స్నేహితుణ్ణి అడగండి. అది కూడా కుదరకపోతే డబ్బు ఇవ్వండి, మన నూట పదహార్లకు లోటు లేదు. కవరు మీద ‘తీగలకు’ అనో ‘విత్తనాలకు’ అనో ఒక్క మాట రాయండి. ఆ ఒక్క మాటతో అది చదివింపు కాకుండా పోతుంది.

చివరగా, అభిరుచి ఉన్నవారికే ఒక మాట. ఈ తప్పుల్లో సగం భారం మీదే. ‘ఏం కావాలి?’ అని అడిగితే ‘అబ్బే, ఏమీ వద్దండీ’ అంటారు. వచ్చాక మాత్రం దానమిచ్చిన ఆవుకు పళ్లు ఎంచుతారు. అడగందే అమ్మయినా పెట్టదు. మీ తీగ సైజు, పాళీ రకం, కాగితం బరువు, కెమెరా మోడలు, వెతుకుతున్న పుస్తకాల పేర్లు ఒక చీటీ మీద రాసి ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టండి. పండగకు నెల ముందే పెట్టండి.